వాద్యకారుల పోర్ట్రెయిట్లు – 4వ పాఠం: లైటు మనిషి వెనక్కి

ఇంతవరకు కిటికీ వెలుతురుతోనే పని నడిపాం. ఈ పాఠానికి రెండు లైట్లు, ఒక ముదురు రంగు దుప్పటి, నాలుగు అగరుబత్తులు కావాలి. వాయిద్యం వాయించే మనిషి ఇంట్లో ఎవరైనా ఉంటే సరే, లేకపోతే పక్కింట్లో సంగీతం నేర్చుకునే పిల్లల్ని బతిమాలుకోండి.

ముందు ఒక ఫోటో చూడండి. డెక్స్‌టర్ గోర్డన్, రాయల్ రూస్ట్, 1948 అని వెతికితే వెంటనే దొరుకుతుంది. న్యూయార్క్ జాజ్ క్లబ్బులో టోపీ పెట్టుకుని కూర్చున్న ఒక శాక్సఫోన్ కళాకారుడు, ఒళ్లో వాయిద్యం, చేతిలో సిగరెట్, తల పైన తెల్లగా సుళ్లు తిరుగుతున్న పొగ. ఆ సమయానికి అతను వాయించడం లేదు. తీసింది హెర్మన్ లెనర్డ్. ఇద్దరూ 1923లోనే పుట్టారు, అంటే ఇద్దరికీ అప్పుడు పాతికేళ్లు.

లెనర్డ్ అంతకు ముందే కెనడాలోని ఒటావా వెళ్లి, యూసుఫ్ కర్ష్ అనే పెద్ద పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫర్ దగ్గర సుమారు ఏడాదిపాటు శిష్యరికం చేశాడు. ఏ లైటు ఎక్కడ పెడితే ముఖం ఎలా మారుతుందో అక్కడే పట్టుబడింది. తర్వాత న్యూయార్క్ వచ్చి చిన్న స్టూడియో పెట్టాడు. జాజ్ అంటే పిచ్చి, చేతిలో డబ్బుల్లేవు. అందుకని క్లబ్బుల వాళ్లతో ఒక ఒప్పందం కుదుర్చుకున్నాడు: నన్ను ఊరికే లోపలికి రానివ్వండి, మీ ప్రచారానికి ఫోటోలు ఇస్తాను. కళాకారులకూ ప్రింట్లు ఇచ్చేవాడు. ఫోటోగ్రఫీలో నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి బేరం లేదు. మీ ఊళ్లో సంగీత సభ నడిపే కార్యదర్శితో ఇదే మాట్లాడి చూడండి.

ఇక అతని కిటుకు. దగ్గరున్నవి రెండే ఫ్లాష్ లైట్లు. ఒకటి ముందువైపు, రెండోది కళాకారుడి వెనక, అదీ క్లబ్బులో మామూలుగా వెలిగే స్టేజీ లైట్ల పక్కనే పెట్టేవాడు. కాబట్టి ఫ్లాష్ పడ్డా అది క్లబ్బు వెలుతురులాగే కనిపిస్తుంది. ముందు నుంచి లైటు వేస్తే పొగ దాదాపు కనిపించదు. పొగలోని సన్నటి కణాలు తమ మీద పడ్డ వెలుతురును ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి, వచ్చిన దారినే వెనక్కి పంపేది తక్కువ. లైటు పొగకు అటువైపు, కెమెరా ఇటువైపు ఉంటేనే ఆ వెలుతురు లెన్సులోకి వస్తుంది. పొగ వెనక గోడ నల్లగా ఉండాలన్నది రెండో షరతు. రాయల్ రూస్ట్‌లో ఈ రెండూ కుదిరాయి.

ఇప్పుడు మనం చేద్దాం. వాయించే మనిషిని గది మధ్యలో చాప మీద కూర్చోబెట్టండి. వీపు వెనక ఆరడుగుల దూరంలో దుప్పటి వేలాడదీయండి. మన ఇళ్లలో గోడలన్నీ లేత రంగులే కాబట్టి ఆ దుప్పటి లేకపోతే ఈ పాఠం మొత్తం వృథా. గదిని గడియారం ముఖం అనుకోండి: మనిషి మధ్యలో, కెమెరా ఆరు దగ్గర. వెనక లైటు ఒంటిగంట దగ్గర, ముందు లైటు ఎనిమిది దగ్గర.

రెండూ ఒకే రకం ఎల్ఈడీ బల్బులైనా ఫరవాలేదు. వెనకది మూడడుగుల దూరంలో, ముందుది ఆరడుగుల దూరంలో ఉంచండి. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే రెండు స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). ముఖం చీకట్లో మునిగిపోకుండా, వెనక అంచు మాత్రం మెరిసేలా ఉండటానికి ఈ తేడా చాలు. బల్బు చిన్నది, కవరేమీ లేనిది అయితేనే ఈ లెక్క సరిగ్గా పనిచేస్తుంది. ట్యూబ్‌లైట్‌తో పనిచేయదు.

ఎత్తు విషయంలో మనవాళ్లకు ఒక చిక్కుంది. జాజ్ కళాకారుడు నిలబడో, కుర్చీలో కూర్చునో వాయిస్తాడు. మన విద్వాంసులు నేల మీద కూర్చుంటారు. స్టాండ్ మామూలుగా ఏడడుగులకు లేపితే వెనక లైటు నడినెత్తి మీద, ముక్కు కొన మీద పడి వికారంగా ఉంటుంది. నాలుగున్నర, ఐదడుగులకు దించండి. అప్పుడు చెవి, చెంప, భుజం అంచులు వరసగా వెలుగుతాయి. వీణ అయితే మెట్ల మీద ఒక్కో మెరుపు పడుతుంది, వయొలిన్ అయితే కమాను పొడవునా సన్నటి గీత వస్తుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకు వెనక లైటు వరం, అద్దాల మీద మెరుపు రాదు. ముందు లైటును మాత్రం కాస్త పైకి లేపాలి.

ఫ్యాను, ఏసీ ఆపేసి, అగరుబత్తులు మనిషికి కాస్త వెనగ్గా, ఫ్రేములో కనపడకుండా కింద వెలిగించండి. ఫ్లాష్ అయితే పొగ సుడులు స్పష్టంగా నిలిచిపోతాయి. మనది ఆగకుండా వెలిగే లైటు కాబట్టి షట్టర్ వేగం 1/125 సెకను కంటే తగ్గనివ్వకండి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 1600 దాకా పెంచుకోండి. ఫోన్‌తో తీస్తే తెర మీద మెరిసే అంచును తాకి, ఎక్స్‌పోజర్ కిందికి జరపండి. ఫోన్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే ముఖాన్ని తెల్లగా చేసి, నల్లటి దుప్పటిని బూడిద రంగులో చూపిస్తుంది. లెన్సులోకి నేరుగా వెలుతురు కొడుతుంటే పైన అరచెయ్యి అడ్డం పెట్టండి, చాలు.

ఇదే పని కచేరీలో చేయాలంటే? ఫ్లాష్ వద్దే వద్దు. వెనక పేద్ద ఫ్లెక్సీ, దాత గారి నవ్వు మొహం, ముందు మైకు స్టాండ్. ఇవన్నీ తప్పించుకోవాలంటే సాయంత్రం కాదు, మైకు సరిచూసుకునే వేళకు వెళ్లాలి. లెనర్డ్ కూడా రిహార్సల్స్ వేళల్లో చాలా తీశాడు. కచేరీలోనే తీయక తప్పకపోతే ఆలాపన జరుగుతుండగా షట్టర్ చప్పుడు చేయకండి. తని ఆవర్తనం వచ్చేదాకా ఆగండి, మృదంగం హోరులో మీ కెమెరా ఎవరికీ వినపడదు. సైలెంట్ షట్టర్ ఉంది కదా అంటారేమో, ఎల్ఈడీ స్టేజీ లైట్ల కింద దానితో ఫోటోలో అడ్డచారలు పడే ప్రమాదం ఉంది. ముందే ఒకటి తీసి చూసుకోండి.

ముఖం లేకుండా పోర్ట్రెయిట్ తీయొచ్చా అన్నది ఈ పాఠంలో రెండో సంగతి. జాజ్ శాక్సఫోన్ కళాకారుడు లెస్టర్ యంగ్ ఫోటోల్లో లెనర్డ్ తీసిన ఒకదానిలో అసలు లెస్టరే లేడు. శాక్సఫోన్ పెట్టె మీద ఆయన టోపీ, పక్కన కోకాకోలా సీసా అంచున కాలుతున్న సిగరెట్. జాజ్ తెలిసినవాళ్లు పేరు చదవకుండానే గుర్తుపడతారు.

గురువు కర్ష్ కూడా ఒక్కసారి ఇలాంటి పని చేశారు. 1954లో ఫ్రాన్స్‌లోని ప్రాద్ దగ్గర పాత మఠంలో చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్‌ను వెనక నుంచి తీశారు. రాతి గోడ, ఎత్తున చిన్న కిటికీ, కుర్చీలో వంగి వాయిస్తున్న మనిషి వీపు. స్పెయిన్‌లో ఫ్రాంకో పాలన నచ్చక దేశం వదిలేసిన మనిషి ఆయన. ఆ వీపు చూస్తే ఆ ఒంటరితనం తెలుస్తుంది, కళ్లు చూపించినా ఇంత తెలిసేది కాదేమో. బోస్టన్‌లో ఈ ఫోటోను ప్రదర్శనకు పెట్టినప్పుడు ఒక పెద్దాయన రోజూ వచ్చి దీని ముందే నిలబడేవాడట. ఎందుకని అడిగితే, సంగీతం వింటున్నాను, మాట్లాడకండి అన్నాడని కర్ష్ చెప్పేవారు.

అభ్యాసం: పైన చెప్పిన అమరికతో ఒకే కళాకారుడివి మూడు ఫోటోలు తీయండి. ఒకదానిలో రెండు లైట్లూ, రెండోదానిలో వెనకది మాత్రమే. మూడోదానిలో మనిషి ఉండకూడదు, కానీ ఎవరిదో తెలియాలి. తంబురా, శ్రుతి పెట్టె, పొన్నుకర్ర, వక్కపొడి డబ్బా, ఏదైనా సరే, సర్దకుండా ఉన్నచోటే తీయండి.

వచ్చే పాఠంలో ఆర్నల్డ్ న్యూమన్ 1946లో తీసిన స్వరకర్త స్ట్రావిన్‌స్కీ ఫోటో. ఫ్రేములో ఎక్కువ భాగం పియానో మూతే, మనిషి కింద ఒక మూలకు. ఆ నెగటివ్‌ను ఎంత కత్తిరించారో, ఎందుకో చూద్దాం. ఒక స్కేలు, రెండు ఎల్ ఆకారపు అట్టముక్కలు సిద్ధం చేసుకోండి.