ఖరీదైన ఫౌండేషన్ ముఖానికి కుదరడం లేదా?

చవక ఫౌండేషన్ నప్పకపోతే పక్కన పడేసి మర్చిపోతాం. ఖరీదైనది నప్పకపోతే పడేయడానికి మనసు రాదు, వాడాలంటే చిరాకు. అయితే నేను గమనించినంతలో చిక్కు చాలాసార్లు సీసాలో ఉండదు. దాని కింద ఏం రాశాం, ఎంత రాశాం అన్నదాంట్లో ఉంటుంది. అందుకే ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. ప్రైమర్ (ఫౌండేషన్ కింద రాసే పూత), స్పాంజ్, పౌడర్ మూడూ ఒకే రోజు మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

రాస్తుంటే పొట్టు రాలుతోంది

రబ్బరుతో పెన్సిల్ గీత చెరిపితే వచ్చే పొట్టు లాంటిదే ఇది. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ప్రైమర్ ఒకదాని మీద ఒకటి ఆరకుండానే రాసేస్తే ఆ పొరలు చర్మానికి పట్టుకోవు. పైన రుద్దగానే చుట్టలు చుట్టుకుని లేచి వస్తాయి. సిలికాన్ ఎక్కువున్న ప్రైమర్ మీద నీటి పాలు ఎక్కువున్న ఫౌండేషన్ సరిగా పరుచుకోకపోవడం కూడా మామూలే. పదార్థాల జాబితాలో మొదట్లోనే డైమెథికోన్, సైక్లోపెంటాసిలోక్సేన్ కనిపిస్తే అది సిలికాన్ రకం. జాబితాలో మొదటి పేరు నీళ్లదే కదా అని మోసపోకండి, సిలికాన్ రకాల్లో కూడా చాలావాటికి మొదటి పేరు అదే ఉంటుంది.

ముందు ప్రైమర్ మానేసి చూడండి. చాలామందికి సమస్య అక్కడితోనే తీరిపోతుంది. తీరకపోతే సన్‌స్క్రీన్ రాశాక పది నిమిషాలు ఆగండి, ఫౌండేషన్‌ను రుద్దకుండా అద్దండి. అంతేగానీ సన్‌స్క్రీన్ తగ్గించకండి. ఫౌండేషన్‌లోనే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఉందిగా అనిపిస్తుంది. కానీ ఆ అంకెను కొలిచేది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన రాసి. అంత మందంగా ఫౌండేషన్ ఎవరూ వేసుకోరు, వేసుకుంటే చూడలేం కూడా.

కాసేపటికే రంగు ముదురుతోంది

దీన్ని అందరూ ‘ఆక్సిడైజ్ అవుతోంది’ అంటారు. ఆ మాట వింటే ఇనుము తుప్పు పట్టినట్టు ఏదో జరుగుతోందని అనిపిస్తుంది. నిజానికి ఫౌండేషన్‌కు రంగునిచ్చేవే ఐరన్ ఆక్సైడ్లు, అవి సీసాలోకి వచ్చేసరికే ఆక్సైడ్లు. ఎక్కువగా జరిగేది వేరు. త్వరగా ఆవిరయ్యే ద్రవాలు ఎగిరిపోతాయి, చర్మంలోని జిడ్డు రంగు పొడిని తడుపుతుంది. తడిసిన మట్టి ముదురుగా కనిపించినట్టే ఇదీ.

కాబట్టి షేడ్‌ను మణికట్టు మీద కాదు, దవడ దగ్గర చూసుకోండి. రాసి కనీసం అరగంట ఆగి, కిటికీ వెలుతురులో మళ్లీ చూడండి. అప్పుడు కనిపించేదే అసలు షేడ్. ఇప్పటికే కొనేసి ఉంటే, రాసే ముందు టిష్యూతో జిడ్డు అద్దేయండి. అయినా ముదిరితే ఒక మెట్టు లేత షేడ్ తీసుకోవడమే దారి. అన్నట్టు, సీసా బాగా ఊపుతున్నారా? రంగు పొడి అడుక్కు చేరిపోతే రోజుకో షేడ్ వస్తుంది.

ముఖం బూడిద పూసినట్టుంది

షేడ్ మరీ లేతదై ఉండాలి, లేదా అండర్‌టోన్ (చర్మం లోపలి ఛాయ) తప్పై ఉండాలి. పసుపు ఛాయ ఉన్న చర్మం మీద గులాబీ ఛాయ ఫౌండేషన్ పడితే ముఖం కళ తప్పుతుంది. ఎంత కలిపినా కలవదు. షేడ్ సరిచేసే పసుపు చుక్కలు ఒకటి రెండు కలిపితే కొంత సర్దుకుంటుంది. మార్చి ఇచ్చే అవకాశం ఉంటే మాత్రం ఆ తిప్పలు పడకుండా మార్చేసుకోండి.

గీతల్లో పేరుకుంటోంది, ముక్కు దగ్గర విడిపోతోంది

మోతాదు ఎక్కువైంది. ఇంత పెట్టి కొన్నాం కదా అని నేనూ మొదట్లో రెండు పంపులు వేసేదాన్ని. నవ్వినప్పుడల్లా కళ్ల కింద చారలు తేలేవి. ఇలాంటి వాటిలో చాలావరకు రంగు చిక్కగా ఉంటుంది, సగం పంపుతో మొదలుపెట్టినా సరిపోతుంది. ముఖం మధ్యలో పెట్టి అంచుల వైపు పలచబరచండి. కళ్ల కింద వేలికి మిగిలింది చాలు. స్పాంజ్‌ను తడిపి నీళ్లు పూర్తిగా పిండేయాలి, నీళ్లు కారే స్పాంజ్ మచ్చలు మచ్చలుగా చేస్తుంది. చర్మం పొడిబారి పొరలు లేస్తుంటే ఎంత మంచి ఫౌండేషనైనా ఆ పొరలనే ఎత్తి చూపిస్తుంది. అలాంటప్పుడు ముందురోజు రాత్రి నుంచే మాయిశ్చరైజర్ గట్టిగా పట్టించండి. ముక్కు మీద జిడ్డుకైతే పౌడర్ అక్కడ మాత్రమే అద్దండి.

ఫోటోల్లో ముఖం తెల్లగా పాలిపోతోంది

టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్, సిలికా పౌడర్ ఫ్లాష్ వెలుగును తిప్పికొడతాయి. ఫంక్షన్‌కి బయలుదేరే ముందే ఫ్లాష్ వేసి ఒక ఫోటో తీసుకోండి. అద్దంలో ఇది కనిపించదు.

మంట, దురద, మొటిమలు

మంట, దురద ఉంటే కడిగేసి ఆపేయండి, అలవాటవుతుందిలే అనుకోవద్దు. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి. చాలాసార్లు కారణం సువాసన కోసం కలిపేవే, ఖరీదైన వాటిలోనూ అవి ఉంటాయి. కొత్తది ఏదైనా మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూశాకే ముఖానికి వాడండి. మొటిమలైతే సీసాతో పాటు స్పాంజ్‌ను కూడా అనుమానించండి. కడగని స్పాంజ్ అంటే నిన్నటి జిడ్డును ఇవాళ మళ్లీ పూసుకోవడమే.

సీసా వెనక మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12 ఎం అని ఉంటే, తెరిచాక పన్నెండు నెలలు వాడొచ్చని. వాసన మారినా, ఎంత ఊపినా నూనె విడిగానే తేలుతున్నా ఆ గడువు దాకా ఆగక్కర్లేదు, ఎంత ఖరీదైనదైనా పారేయండి.