ఎర్ర చీర అని వెతికితే నీలం చీరలు వస్తున్నాయా?

అంతర్వేది తీర్థంలో పిల్లాడు తప్పిపోతే మైకులో ముందు చెప్పేది వాడి చొక్కా రంగే. సీసీ కెమెరా సాఫ్ట్‌వేర్ కూడా ఆ దారిలోనే వెతుకుతుంది. ప్రతి ఫ్రేములో మనుషుల్ని పట్టి, ఒక్కొక్కరినీ క్రాప్ చేసి, బట్టల రంగూ తీరూ అంకెలుగా మార్చి పోలుస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఘాట్ల దగ్గర ఇది పెట్టేవాళ్లు ఈ చిక్కులు ముందే చూసుకుంటే మంచిది.

ఎరుపు అడిగితే నీలం వస్తోంది, ఆకుపచ్చ మాత్రం సరిగ్గానే ఉంది

ఇది మోడల్ (బొమ్మలు చూసి నేర్చుకుని మనుషుల్ని, బట్టల్ని గుర్తుపట్టే ప్రోగ్రాం) తప్పు కాదు. బొమ్మల్ని చదివి, మార్చి, సేవ్ చేసే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సీవీ. అది బొమ్మను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో చదువుతుంది. మోడళ్లలో ఎక్కువ భాగం ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో నేర్చుకున్నవి. మధ్యలో రంగుల వరుస మార్చే లైను రాయకపోతే ఎరుపూ నీలం తారుమారవుతాయి. ఆకుపచ్చ నడిమధ్యలో ఉంటుంది కాబట్టి దానికేం కాదు.

సరిచూడటంలోనూ ఓ తిరకాసుంది. అనుమానంతో క్రాప్‌ను ఓపెన్‌సీవీతోనే సేవ్ చేసి చూస్తే రంగులు చక్కగా కనిపిస్తాయి, ఎందుకంటే సేవ్ చేసేటప్పుడూ అది అదే వరుస అనుకుంటుంది. కంటికి బాగుందని వదిలేయొద్దు. ఎర్ర చొక్కా మనిషి క్రాప్ తీసుకుని, మోడల్‌కు ఇచ్చే ముందు మొదటి చానల్ (వరుసలో మొదటి రంగు) అంకెలు చూడండి. అవి పెద్దవిగా ఉండాలి. మూడో చానల్ పెద్దగా ఉంటే దొరికినట్టే.

రాత్రిపూట అయ్యప్ప స్వాముల నల్లబట్టలు తెల్లగా కనిపిస్తున్నాయి

చీకటి పడగానే కెమెరా ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని వెలుగు) మోడ్‌లోకి వెళ్తుంది. కంటికి నలుపుగా కనిపించే అద్దకాలు చాలావరకు ఇన్‌ఫ్రారెడ్ వెలుగును వెనక్కి కొడతాయి. అందుకే నల్ల పంచె బూడిద రంగులోనో, ఏకంగా తెల్లగానో పడుతుంది. ఫ్రేములో రంగు గాఢత (సాచురేషన్) సున్నాకు దగ్గరగా ఉంటే రంగు వెతుకులాట దానంతట అదే ఆగిపోయేలా పెట్టండి. లేదంటే ఘాట్ మెట్ల మీద తెల్ల ఎల్‌ఈడీ లైట్లు వేయించి, కెమెరాను కలర్ మోడ్‌లోనే ఉంచండి. పాత సోడియం లైట్లుంటే ఇన్‌ఫ్రారెడ్ లేకపోయినా అదే గోల, అన్నీ పసుపే.

పంచెను స్కర్టు అంటోంది, ఎగ్గట్టిన లుంగీని నిక్కరు అంటోంది

మోడల్ నేర్చుకున్న బొమ్మల్లో పంచె లేదు, దాని తప్పేముంది? ఈ రంగంలో అందరూ వాడే మార్కెట్-1501 అనే మనుషుల ఫొటోల సేకరణ చైనాలోని సింఘ్వా విశ్వవిద్యాలయంలో 6 కెమెరాలతో తీసింది. మనిషి బట్టలు, రూపం వంటి 26 లక్షణాలు రాసి ఉండే పీఏ-100కే అనే మరో సేకరణలో ప్యాంటు, నిక్కరు, స్కర్టు ఉన్నాయి కానీ మన చీర, లంగా ఓణీ లేవు. మన కెమెరాల క్రాప్‌లకే చీర, పంచె, లుంగీ అని పేర్లు పెట్టి మోడల్ చివరి పొరల్ని మళ్లీ నేర్పించాలి. చీరకు ఒక్క రంగు రాసి ఊరుకోవద్దు. చీర ఒంటి రంగు, అంచు, జాకెట్టు వేరువేరుగా రాయండి. గుంపులో తేడా పట్టించేది చాలాసార్లు జాకెట్టే.

ఘాట్‌లోకి దిగిన మనిషి మళ్లీ ఏ కెమెరాలోనూ దొరకడం లేదు

స్నానం చేసి బట్టలు మార్చుకున్నారు, అంతే. ఈ మోడళ్లు మనిషి బట్టలు మారవన్న నమ్మకం మీదే నడుస్తాయి. తడిస్తే గుడ్డ రంగు కూడా ముదురుతుంది. సెట్టింగులు ఎంత తిప్పినా లాభం లేదు. మార్చుకోవడానికి సంచిలో ఏం తెచ్చారో ఇంటివాళ్లను అడిగి, బయటికొచ్చే దారి కెమెరాల్లో ఆ బట్టలతో కొత్తగా వెతకండి. సంచి, చెప్పులు, పక్కనున్నవాళ్లు కూడా పనికొస్తారు.

ఒకే మనిషికి పదుల కొద్దీ పోలికలు వస్తున్నాయి

భవానీ దీక్షల రోజుల్లో అందరూ ఎరుపే, బడి వదిలే వేళ అందరిదీ యూనిఫామే. పోలిక స్కోరు 0.9 వచ్చినా బట్టలు కలిశాయన్నదే దాని అర్థం, మనిషి అతనేనని కాదు. స్కోరు చూసి ఎవర్నీ పట్టుకోమని పంపొద్దు, ముందు ఆపరేటర్ వీడియో చూడాలి. తర్వాత టైముతో వడకట్టండి. రెండు నిమిషాల తేడాలో ఒకే మనిషి కోటిపల్లి రేవులోనూ ద్రాక్షారామం గుళ్లోనూ ఉండలేడు. ఈ వడపోత పనిచేయాలంటే కెమెరాలన్నిటి గడియారాలూ ఒకటే చెప్పాలి. అన్నిటినీ ఒకే టైమ్ సర్వర్‌కు (సరైన టైము పంపే కంప్యూటర్‌కు) కలపండి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మరోసారి చూసుకోండి.