ఏంజెలీక్ ఆడేవాళ్లకు నాలుగు మాటలు

1994లో కోయె కంపెనీ సూపర్ ఫామికామ్ అనే నింటెండో గేమ్ మిషన్ కోసం తెచ్చిన గేమ్ ఇది, అమ్మాయిల కోసమని వచ్చిన ప్రేమ గేమ్‌లన్నిటికీ పెద్దక్క లాంటిది. మీరు రాణి పదవికి పోటీపడే అమ్మాయి, ఎదురుగా రోసాలియా, చుట్టూ తొమ్మిది మంది సంరక్షకులు. పోటీలో మీకో ఖండం ఇచ్చి దాన్ని పెంచమంటారు; ముందు ఆ ఖండంలో జనం ఏ శక్తి కావాలంటున్నారో చూసి, అది ఇచ్చే సంరక్షకుడినే అడగండి. నేనైతే నల్గొండలో మిర్యాలగూడ బస్సెక్కి ఆడుతూ, గేమ్‌లో నచ్చిన సంరక్షకుడి గది చుట్టూనే తిరిగితే, తిప్పర్తి వచ్చేలోపే రోసాలియా నన్ను దాటేసింది, పొగరుబోతు పిల్ల! కబుర్లు, షికార్లు ఆదివారానికి ఉంచుకోండి. అతను మనసు విప్పే ముందు సేవ్ చేసుకోవడం మాత్రం మర్చిపోవద్దు, ఎందుకంటే ఊ అన్నారంటే రాణి కిరీటం వదులుకున్నట్టే.