కప్పు లెక్క తప్పి వంట చెడిందా? తప్పు ఎక్కడుందో ఇట్లా పట్టుకోండి

పోయిన నెల తిరుపతిలో మా ఇంట్లో కేక్ చేసినా, ఇటుక మాదిరి వచ్చింది, కత్తి దిగలే. ఓవెన్ పాడైంది అనుకున్నా గానీ తప్పంతా కప్పుది.

సమస్య: కేక్, బిస్కెట్లు గట్టిగా, పొడిపొడిగా రావడం

కారణం మైదానే. 240 మిల్లీలీటర్ల కప్పులో స్పూన్‌తో వదులుగా వేసి పైన చదును చేస్తే 120, 125 గ్రాములు పడతాది. అదే కప్పును డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150 దాకా పోతాది. నేను చేసింది అదే, రెండు కప్పులకు 50 గ్రాములు ఎక్కువ పడింది, ఇంక మెత్తగా యాడ వస్తాది? పిండిని ముందు జల్లించి, స్పూన్‌తో వేయండి, కప్పును తట్టొద్దు.

సమస్య: రెసిపీలో గ్రాములున్నాయి, కప్పుల్లోకి మారిస్తే కుదరడంలే

ఒక కప్పు అంటే 200 గ్రాములు అని ఎవరో చెప్పింటారు, దాన్నే అన్నిటికీ వాడేస్తాము. అది చక్కెరకు సరే, మైదాకు వాడితే 200 గ్రాములకు బదులు 120 దాకానే వేసినట్టు. కప్పు కొలిచేది జాగాను, బరువును కాదబ్బా. అదే కప్పుకు బొంబాయి రవ్వ సుమారు 170, నూనె 220, తేనె అయితే 340 గ్రాములు. నూనె ప్యాకెట్ చూడండి, 1 లీటర్ అని వేసి పక్కనే 910 గ్రాములు అని ఉంటాది. నీళ్లకు మాత్రమే మిల్లీలీటర్, గ్రాము ఒకటే.

సమస్య: కొలత కరెక్టే, అయినా అన్నీ తక్కువ పడతా ఉన్నాయి

మీ చేతిలో ఉండేది రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పేమో చూసుకోండి. అది 180 మిల్లీలీటర్లే. దాంతో నాలుగు పోస్తే మామూలు కప్పులు మూడు.

అయితే ఒక మాట. రెసిపీ మొత్తం కప్పుల్లోనే ఉంటే ఏ గ్లాసైనా పర్లేదు, అన్నిటికీ అదే వాడితే చాలు. మా అవ్వ బియ్యానికీ, రాగిపిండికీ, ఎసురుకూ ఒకటే పాత చెంబు వాడేది, సంగటి ఒక్కరోజు కూడా జారు కాలే. గ్రాములు, కప్పులు కలిపినప్పుడే గొడవ.

సమస్య: అత్తిరసాల (అరిసెల) పిండి పగిలిపోవడం, వత్తడానికి రాకపోవడం

బెల్లం ముక్కలుగా కప్పులో వేసింటారు, మధ్యలో అంతా గాలి, బెల్లం తక్కువైంది. దాన్ని కప్పుతో కొలవద్దు, తూకమే వేయాల. ఇంకోటి, నానబెట్టి కొట్టిన తడి పిండి బరువులో నీళ్లు కూడా ఉంటాయి, అందుకని కిలో బియ్యానికి అని రాసుంటే నానబెట్టకముందే తూచండి. పాకం ముదిరినా గట్టిపడతాయి, అది మాత్రం కొలత తప్పు కాదు.

సమస్య: ఉప్పు ఎక్కువైంది

రాళ్ల ఉప్పుకు చెప్పిన స్పూన్‌తో పొడి ఉప్పు వేసింటారు. పొడి ఉప్పు సందుల్లేకుండా కూర్చుంటాది, తగ్గించి వేయండి.

సమస్య: తూకం మిషన్ ఉన్నా తేడా

గిన్నె పెట్టినాక సున్నా చేసినారా? చేసినా తేడా ఉంటే అర లీటర్ నీళ్లు కొలిచి పోసి చూడండి, 500 దగ్గర చూపించాల. నాది 540 చూపించింది, సెల్లు మార్చినాక సరిపోయింది.