కారిడార్ నిండిందంటారు, లైన్ చూస్తే సగమే లోడ్: ఏటీసీ ఎక్కడ ఆగుతోంది?

పవర్ ఎక్స్ఛేంజిలో (కరెంటు కొని అమ్మే సంతలో) దక్షిణాది ఏరియాల రేటు మిగతా దేశం నుంచి విడిపోయి పైకి పోయిందంటే కారిడార్, అంటే దక్షిణాదికి కరెంటు తెచ్చే లైన్ల దారి, నిండిందని లెక్క. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో మన దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో (సింక్రనస్‌గా) కలిసింది. ఆ తర్వాత వచ్చిన లైన్లతో ఈ బాధ బాగా తగ్గినా, ఎక్కడో ఒకచోట ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. ఆ దారిలో భద్రంగా పంపగల మొత్తం టీటీసీ. అందులోంచి రిలయబిలిటీ మార్జిన్ (అనుకోనివాటి కోసం వదిలేది) తీసేస్తే, లావాదేవీలకు మిగిలేదే ఏటీసీ. అందుకే కొత్త లైన్ అడిగే ముందు, ఎన్-1 స్టడీలో (ఏదో ఒక లైనో పరికరమో పోతే ఏమవుతుందో చూసే లెక్కలో) మొదట దాటుతున్న హద్దేదో చూడాలి. మందు దాన్నిబట్టే.

లక్షణం: పక్క సర్క్యూట్ పోగానే ఆంపియర్లు రేటింగ్ దాటుతున్నాయి

తప్పు కండక్టర్‌దేనని తేల్చేయకండి. ముందు బేలో, అంటే సబ్‌స్టేషన్‌లో ఆ లైన్ చేరే చోట, వేవ్ ట్రాప్ (కమ్యూనికేషన్ సిగ్నల్‌ని ఆపే కాయిల్), సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్), ఐసొలేటర్, జంపర్ల రేటింగులు చూడండి. 1000 ఆంపియర్ల ట్రాప్ ఒక్కటుంటే చాలు, 400 కేవీ లైన్ 690 ఎంవీఏ దగ్గర ఆగిపోతుంది. దాన్ని మార్చడం షట్‌డౌన్‌లో అయిపోయే పని. నిజంగా కండక్టరే అడ్డమైతే అవే టవర్ల మీద హెచ్‌టీఎల్‌ఎస్ (ఎక్కువ వేడిలోనూ తక్కువగా సాగే కండక్టర్) వేయొచ్చు, కరెంటు దాదాపు రెట్టింపు మోస్తుంది. కానీ రియాక్టెన్స్ (ఏసీ కరెంటుకు లైన్ ఇచ్చే అడ్డు) అలాగే ఉంటుంది కాబట్టి, కరెంటు రెట్టింపైతే లైన్ మింగే వార్‌లు (వోల్టేజీని నిలబెట్టే రియాక్టివ్ పవర్) నాలుగింతలవుతాయి. పొడుగు లైన్లకు ఇది డబ్బు దండగ.

లక్షణం: 400 కేవీ బస్ వోల్టేజీ 380 కిందికి జారుతోంది

లోడ్ వైపు వార్‌లు చాలడం లేదు. స్విచబుల్ రియాక్టర్లు (వార్‌లు మింగే కాయిల్స్) తీశారా, దగ్గరి జనరేటర్లు ఇవ్వగలిగినంతా ఇస్తున్నాయా, 33 కేవీ కెపాసిటర్ బ్యాంకులు కాగితం మీద కాకుండా నిజంగా సర్వీసులో ఉన్నాయా చూడండి. ఇంకా చాలకపోతే స్టాట్‌కామ్ (ఎలక్ట్రానిక్స్‌తో వార్‌లు ఇచ్చే యంత్రం). వోల్టేజీ 0.9 పీయూకి (ఉండాల్సినదాంట్లో 90 శాతానికి) పడితే కెపాసిటర్ 81 శాతమే ఇస్తుంది. స్టాట్‌కామ్ కరెంటు మాత్రం తగ్గదు.

లక్షణం: లైన్ చల్లగానే ఉంది, వోల్టేజీ బాగానే ఉంది, అయినా లోడ్ పెంచనివ్వడం లేదు

ఇది కోణం సమస్య, అంటే లైన్ రెండు కొసల వోల్టేజీల మధ్య ఫేజ్ తేడా. 300 కిలోమీటర్ల ట్విన్ మూస్ (ఫేజ్‌కి రెండు మూస్ రకం కండక్టర్లున్న) 400 కేవీ లైన్ రియాక్టెన్స్ సుమారు 100 ఓమ్‌లు. రెండు కొసల మధ్య 30 డిగ్రీలుంటే 800 మెగావాట్లు పోతుంది. లైన్‌తో వరసలో, దాని రియాక్టెన్స్‌లో 40 శాతాన్ని రద్దు చేసే సిరీస్ కెపాసిటర్ పెడితే రియాక్టెన్స్ 60 ఓమ్‌లకు దిగి, అదే కోణంలో 1333 మెగావాట్లు పోతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సమాంతరంగా ఉన్న రెండు సమాన లైన్లలో ఒక్కదానికే కెపాసిటర్ పెడితే, చెరి 500 మెగావాట్లు మోస్తున్నవి 625, 375 అవుతాయి. ఆ 625 లైన్ థర్మల్ హద్దుకు ముందే దగ్గరగా ఉంటే టీటీసీ పెరగకపోగా తగ్గుతుంది. రెండింటికీ పెట్టండి, లేదా ప్రవాహాన్ని సర్దుకునే టీసీఎస్‌సీ (థైరిస్టర్లతో అదుపు చేసే సిరీస్ కెపాసిటర్) పెట్టండి, రాయ్‌పూర్–రూర్కెలా లైన్లలో పెట్టారు. దగ్గర్లో థర్మల్ స్టేషన్ ఉంటే సబ్‌సింక్రనస్ రెజొనెన్స్ (కెపాసిటర్, టర్బైన్ షాఫ్టు ఒకదాన్నొకటి ఊపేసే స్థితి) స్టడీ లేకుండా ముందుకు పోవద్దు, టర్బైన్ షాఫ్టుకే ముప్పు.

లక్షణం: ఫాల్ట్ ఏమీ లేదు, లైన్ ట్రిప్ అయింది

2012 జులై 30న బీనా–గ్వాలియర్ 400 కేవీ లైన్ ఇలాగే జోన్-3లో (డిస్టెన్స్ రిలే అన్నిటికంటే దూరం చూసే బ్యాకప్ పరిధిలో) పోయింది, దాని వెంటే ఉత్తరాది చీకటైంది. 380 కేవీ దగ్గర 1400 ఎంవీఏ పారితే డిస్టెన్స్ రిలేకి (వోల్టేజీ, కరెంటుల నిష్పత్తి చూసి ఫాల్ట్ దూరం అంచనా వేసే పరికరానికి) కనిపించేది 103 ఓమ్‌లే. జోన్-3 రీచ్ అంతకంటే దూరం పోతే లోడ్‌నే ఫాల్ట్ అనుకుంటుంది. రిలేలో లోడ్ ఎన్‌క్రోచ్‌మెంట్ (లోడ్‌ని ఫాల్ట్ అనుకోకుండా ఆపే ఫంక్షన్) ఆన్ చేసి, ఎన్-1 లోడ్‌నూ తక్కువ వోల్టేజీనీ కలిపి సెట్టింగులు మళ్లీ లెక్కేయండి. పెంచిన టీటీసీని అవి రిలేలోకి ఎక్కాకే ప్రకటించాలి.