వీధిలోంచి తెచ్చుకున్న కుక్కకు టపాకాయల భయం ఎలా తగ్గించాలి?

ఏటా దీపావళి మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్లు వస్తాయి. కుక్క గోడ దూకి పోయిందనో, మంచం కిందనుంచి రావడం లేదనో చెబుతారు. ఆ రోజు నేను చెప్పగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ఈ పని శ్రావణమాసంలో మొదలుపెట్టాలి. దీపావళి అమావాస్యకు అప్పటికి మూడు నెలలుంటుంది, అంత వ్యవధీ కావాలి.

మా బంగారిని విజయనగరం రైల్వే గేటు దగ్గరనుంచి తెచ్చుకున్నాం. తోక మొదట్లో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు లేవు, చర్మం కాలి ముడుచుకుపోయింది. తోకకు సీమటపాకాయలు కట్టి వెలిగించే పిల్లల మధ్య బతికిన కుక్క అది. మనకు 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్కకు సుమారు 45,000 దాకా వినిపిస్తుంది. దానికి తోడు ఇలాంటి జ్ఞాపకం ఉంటే "అదే అలవాటు పడుతుందిలే" అని వదిలేయడం అన్యాయం.

కావలసినవి

ఒక బ్లూటూత్ స్పీకర్, ఫోన్‌లో టపాకాయల రికార్డింగు, ఉడకబెట్టిన కోడి లివర్, పాత పరుపు, మీ ఫోన్ నంబరు రాసిన మెడపట్టీ. రికార్డింగులో బాంబులు విడివిడిగా పేలాలి, వాలా మోత వద్దు. లివర్‌లో ఉప్పు, ఉల్లిపాయ వేయకండి. గోరంత ముక్కలు కోసి స్టీలు డబ్బాలో పెట్టండి. బిస్కెట్లతో ఈ పని జరగదు. ఈ మూడు నెలలూ లివర్ కింద చెప్పే శబ్దం పాఠంలో తప్ప ఇంకెప్పుడూ పెట్టకూడదు.

గది

వీధికి దూరంగా ఉన్న లోపలి గది చూసి పరుపు వేయండి, కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. కుక్క మంచం కిందే కావాలంటే పరుపు అక్కడికే జరపండి. చోటు అదే ఎంచుకోవాలి.

శబ్దం పాఠం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. ముందు శబ్దం, తర్వాతే లివర్. ఈ వరస మారకూడదు. ముందు తిండి పెట్టి, అది తింటుండగా శబ్దం వినిపిస్తే ఏమవుతుందో తెలుసా? "లివర్ వచ్చిందంటే బాంబు వస్తుంది" అని నేర్చుకుంటుంది. ఆ తర్వాత డబ్బా మూత తీస్తేనే పారిపోతుంది. అలా పాడైన కుక్కను మళ్ళీ దారికి తేవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మొదటి రోజు స్పీకర్ పక్క గదిలో ఉండాలి. శబ్దం వచ్చిందా లేదా అని మీకే అనుమానం రావాలి, అంత తక్కువగా పెట్టండి. ఒక్క 'ఢాం', ఒకటి రెండు సెకన్లలో లివర్ ముక్క. ముప్పై సెకన్లు ఆగి ఇంకోటి. ఐదారు సార్లు చేసి ఆపేయండి. బాగా చేస్తోంది కదా అని పొడిగించకండి.

మీ చూపు ఫోన్ మీద కాదు, కుక్క మీద ఉండాలి. చెవులు వెనక్కి వాలినా, మూతి నాక్కున్నా, నిద్ర వేళ కాకపోయినా ఆవలించినా శబ్దం ఎక్కువైనట్టే. లివర్ తీసుకుంటోంది కదా అని ధీమా పడకండి. రోజూ మెత్తగా అందుకునేది ఆ రోజు వేళ్ళు కొరికినట్టు లాక్కుంటే టెన్షన్‌లో ఉన్నట్టు. వెంటనే ఆపి, మర్నాడు ఇంకా తగ్గించి మొదలుపెట్టండి.

శబ్దం రాగానే అది మీ చేతి వైపు ఆశగా చూసిందంటే పాఠం ఎక్కుతోంది. అలా మూడు నాలుగు రోజులు వరసగా చూస్తేనే ఒక్క మెట్టు పెంచండి. స్పీకర్ దగ్గరికి జరిపిన రోజు శబ్దం తగ్గించాలి. దగ్గరికి జరపడం, శబ్దం పెంచడం రెండూ ఒకేసారి చేయకూడదు. ఫోన్ స్పీకర్‌తోనే సరిపెట్టకండి. లక్ష్మీబాంబు గుండెలో మోగే ఆ దమ్ము అందులో రాదు. వినాయక నిమజ్జనం, విజయనగరం పైడితల్లి అమ్మవారి పండగలో తొలేళ్ళు, సిరిమానోత్సవం రోజుల్లో వీధిలో మోత ఉంటుంది కాబట్టి పాఠానికి సెలవు.

కొందరు కుక్కను టపాకాయలు కాల్చే చోటికే తీసుకెళ్ళి కట్టేస్తారు. "చూడండి, కదలకుండా కూర్చుంది" అంటారు. అది అలవాటు కాదు, భయంతో బిగుసుకుపోవడం. చెవుల్లో దూది కుక్కడమూ వద్దు. కుక్క విదిలించుకుంటుంది, లేదా దూది చెవి లోపలికి పోతుంది.

మందు

బాగా బెదిరే కుక్కకు పాఠం ఒక్కటే చాలదు. పండక్కి మూడు వారాల ముందే పశువుల డాక్టరుకు చూపించండి. "పడుకోబెట్టే మందు కాదండీ, భయం తగ్గించే మందు కావాలి" అని స్పష్టంగా అడగండి. మొదటి ఏడాది ఒకచోట బంగారికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. కాళ్ళు పడిపోయాయి, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే గుండె దడదడా కొట్టుకుంటోంది. ఎసిప్రోమాజిన్ లాంటి మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్ళు కదలదు గాని భయం అలాగే ఉంటుంది. డాక్టరు రాసిన మందును ముందు ఒక మామూలు రోజున, ఆయన చెప్పిన మోతాదులో వేసి చూడండి. ఇంట్లో మనుషులు వాడే మాత్రలు మాత్రం వేయొద్దు.

దీపావళి రోజు

దీపావళికి టపాకాయలు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మా వీధిలో చీకటి పడకముందే మొదలవుతుంది. అందుకని నాలుగింటికల్లా గొలుసు వేసి తిప్పి, తిండి పెట్టి, గేటుకు తాళం వేసేయండి. ఫ్యాను, టీవీ ఆన్ చేసి, గిన్నెలో నీళ్ళు పెట్టండి. ఇంట్లో ఒకరు దాని దగ్గరే కూర్చోవాలి. ఒళ్ళోకి వస్తే రానివ్వండి, నిమరండి. ముద్దు చేస్తే భయం పెరుగుతుందన్నది వట్టి మాట. ప్రతి చప్పుడుకూ ఒక లివర్ ముక్క ఇవ్వండి. తినకపోతే బలవంతం చేయకండి.

మర్నాడు పొద్దున వీధిలో పేలని బాంబులు, మందు కాగితాలు పడి ఉంటాయి. అవి కుక్క నోట్లో పడితే విషం. ముందు మీరొక్కరే వెళ్ళి చూసి రండి. పరుపు, దుప్పటి అప్పుడే తీసేయకండి. మిగిలిన టపాకాయలన్నీ మన వైపు నాలుగో రోజున, నాగులచవితికి కాలుస్తారు.