రికార్డింగ్ జరుగుతుండగా రీపర్ పాటను జూమ్‌లో వినిపించడం ఎలా? ఎకో లేకుండా, కూత లేకుండా

స్టూడియోలో అమ్మాయి పాడుతోంది. పాట రాసినాయన ఇంకో ఊళ్ళో ఉన్నాడు. ఆయనకు అప్పటికప్పుడు వినిపించి, తప్పులుంటే చెప్పించుకోవాలి. ఒడిశాలోని మా రాయగడ వైపు దీనికి ఇప్పటికీ చేసేది ఒకటే: స్పీకర్ ముందు ఫోన్ నిలబెట్టి వాట్సాప్ కాల్. అవతలాయనకు ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది, తబలా వినిపిస్తుంది, మాట వినిపించదు. ఆయన మొహమాటానికి "బాగుంది, కానివ్వండి" అంటాడు. నెల తర్వాత పాట విడుదలయ్యాక తల పట్టుకుంటాడు.

మా దగ్గర ఈ మాట వినిపించడమే అసలు పని. పాడే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. ఒడియాలో 'వ' చాలాచోట్ల 'బ' అయిపోతుంది, 'అ' కాస్త 'ఒ' వైపు వాలుతుంది. మజ్జిగౌరమ్మ పాటలో 'వెన్నెల' కాస్తా 'బెన్నెల' అవుతుంది. బరంపురంలో కూర్చున్న, పాట రాసిన మాస్టారు అక్కడికక్కడే ఆపి, "కాదమ్మా, పై పళ్ళు కింది పెదవికి తగలాలి, మళ్ళీ అను" అనాలి. ఆ తేడా ఆయన చెవికి అందాలంటే మైకు శబ్దం వేరే గాలి తగలకుండా నేరుగా జూమ్‌లోకి పోవాలి.

ముందే ఒక మాట. జూమ్‌లో అవతలివాళ్ళ చేత పాడించి దాన్నే ఫైనల్‌గా వాడదామనుకునేవాళ్ళకు ఈ వ్యాసం కాదు. ఇంటర్నెట్ ఆలస్యం వల్ల తాళం కలవదు, కలిపినా గొంతు నలిగిపోయి వస్తుంది. పాడేవాళ్ళు మైకు ముందే ఉండాలి, వినేవాళ్ళే దూరంగా ఉండాలి.

కావాల్సినవి

విండోస్ ల్యాప్‌టాప్, ఏఎస్ఐఓ డ్రైవర్ (శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో అందించే డ్రైవర్) ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ఒక మైకు, తీగ ఉన్న హెడ్‌ఫోన్. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు. ఆలస్యం ఒక ఇబ్బంది, పైగా దాని మైకు ఆన్ అయితే శబ్దం ఫోన్ కాల్ స్థాయికి దిగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో రీపర్ (పాట రికార్డ్ చేసే ప్రోగ్రాము; 60 రోజులు ట్రయల్, తర్వాత వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు), జూమ్, వాయిస్‌మీటర్ బనానా (శబ్దాన్ని ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి మళ్ళించే సాఫ్ట్‌వేర్ మిక్సర్). మూడోది ఉచితంగా దొరుకుతుంది, నచ్చితే డబ్బు పంపమంటారు. నాలుగు పాటలు దాంతో చేశాక పంపండి.

వాయిస్‌మీటరే ఎందుకని చాలామంది అడుగుతారు. విండోస్‌లో ఏఎస్ఐఓ వాడేటప్పుడు రీపర్ ఒకసారికి ఒక్క ఆడియో పరికరంతోనే పని చేస్తుంది. ఇంటర్‌ఫేస్ ఎంచుకుంటే వర్చువల్ కేబుల్ (ఒక ప్రోగ్రాము శబ్దాన్ని ఇంకోదానికి మోసే సాఫ్ట్‌వేర్ తీగ) కనబడదు, కేబుల్ ఎంచుకుంటే మైకు పోతుంది. దీనికి మందుగా కొందరు ఏఎస్ఐఓ4ఆల్ పెట్టి రెండూ కలపమంటారు. కలుస్తాయి, పావుగంట బాగానే నడుస్తాయి, మంచి టేక్ మధ్యలో చిటపటలు మొదలవుతాయి. రెండు పరికరాల గడియారాలు ఒక్కలా నడవవు కదా. ఇంకొందరు రీపర్‌తో వచ్చే రీరూట్ వాడమంటారు. అది ఏఎస్ఐఓ తెలిసిన ప్రోగ్రాములకే పనికొస్తుంది, జూమ్‌కు అది కనిపించదు. ఇంటర్‌ఫేస్‌లోనే లూప్‌బ్యాక్ (కంప్యూటర్ శబ్దాన్ని తిరిగి ఇన్‌పుట్‌గా ఇచ్చే సదుపాయం) ఉంటే అదృష్టం, కానీ చవక ఇంటర్‌ఫేసుల్లో చాలావాటికి ఉండదు. మ్యాక్ ఉన్నవాళ్ళు బ్లాక్‌హోల్ అనే వర్చువల్ కేబుల్ పెట్టుకుని, ఆడియో మిడి సెటప్‌లో ఇంటర్‌ఫేస్‌తో కలిపి అగ్రిగేట్ డివైస్ చేసుకుంటే సరిపోతుంది. కింద చెప్పేదంతా విండోస్ గురించే.

వాయిస్‌మీటర్ ఇన్‌స్టాల్ చేశాక కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. చేయకుండానే "పని చేయడం లేదన్నా" అని ఫోన్ చేసేవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు.

అన్నీ 48,000

జూమ్ అవసరం కోసమైనా, వీడియో కోసమైనా నేను శాంపుల్ రేట్ (సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తారో ఆ అంకె) 44,100 జోలికి పోను. వాయిస్‌మీటర్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో 48,000. విండోస్ సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో ప్రతి వాయిస్‌మీటర్ పరికరం ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లో 48,000. రీపర్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోనూ అంతే. ఒకచోట తేడా వస్తే చిటపటలు వస్తాయి. 44,100లో రికార్డయిన ఫైల్‌ను 48,000 అనుకుని వాయిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకి పోతుంది. హార్మోనియం ఆయన "నా పెట్టె బాగానే ఉంది" అంటాడు, ఆయన మాట నిజమే. ఇంటర్‌ఫేస్ బఫర్ (ఒకసారికి పోగుచేసే శాంపుల్స్ లెక్క) 256 పెట్టండి. 48,000 దగ్గర అది ఐదు మిల్లీ సెకన్ల పైచిలుకు. పాత ల్యాప్‌టాప్ అయితే 512.

రీపర్ లోపల ట్రాకులు

ఇది తేలిక, తొందరగా దాటేద్దాం. గొంతుకు ఒక ట్రాక్, వాయిద్యాలకు ఒక ఫోల్డర్ ట్రాక్, రెవర్బ్‌కు ఒక ట్రాక్. గొంతు ట్రాక్ మీది రూట్ బటన్ పట్టుకుని లాగి రెవర్బ్ ట్రాక్ మీద వదిలితే సెండ్ (శబ్దం కాపీ పోయే దారి) తయారు. పోస్ట్-ఫేడర్‌గానే (ఫేడర్ దించితే సెండ్ కూడా తగ్గేలా) ఉంచండి. రెవర్బ్ ప్లగిన్‌లో డ్రై (అసలు గొంతు) పూర్తిగా తగ్గించి, వెట్ (రెవర్బ్ శబ్దం) మాత్రమే ఉంచండి.

వాయిద్యాలను వేరే ట్రాక్‌కు సెండ్ చేసి, పాత ట్రాక్‌లో మాస్టర్ సెండ్ టిక్ తీయకపోతే ఒకే శబ్దం మాస్టర్‌కు రెండుసార్లు చేరుతుంది. అచ్చంగా ఒకేలా ఉన్న రెండు శబ్దాలు కలిస్తే 6 డెసిబెల్స్ పెరుగుతుంది. "మిక్స్ ఎందుకో గట్టిగా ఉంది" అంటూ ఫేడర్లు దించడం మొదలుపెడతారు. ఫేడర్ ముట్టుకోకండి, టిక్ తీయండి. ఫోల్డర్ ట్రాక్ వాడితే ఈ గొడవే ఉండదు, అందుకే నేను ఫోల్డరే వాడమంటాను.

వాయిస్‌మీటర్‌కు కలపడం

వాయిస్‌మీటర్ కుడివైపు పైన ఏ1 నొక్కి మీ ఇంటర్‌ఫేస్ ఏఎస్ఐఓ డ్రైవర్ ఎంచుకోండి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఏఎస్ఐఓ ఇన్‌పుట్లను స్ట్రిప్పులకు (ఒక్కో శబ్దానికి ఉండే నిలువు పట్టీలకు) కలిపే చోట మొదటి స్ట్రిప్‌కు ఎడమ 1, కుడి 1 ఇవ్వండి. ఎడమ 1, కుడి 2 అని వదిలేస్తే గొంతు ఒక చెవిలోనే వినిపిస్తుంది.

రీపర్‌లో ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్‌కు వెళ్ళి ఏఎస్ఐఓ కింద వాయిస్‌మీటర్ వర్చువల్ ఏఎస్ఐఓ ఎంచుకోండి. ఇక రీపర్ నుంచి వచ్చేది వాయిస్‌మీటర్ ఇన్‌పుట్ అనే స్ట్రిప్‌లో పడుతుంది, రీపర్‌కు పోయేది బి1 నుంచి పోతుంది.

జూమ్‌లో స్పీకర్‌గా వాయిస్‌మీటర్ ఆక్స్ ఇన్‌పుట్, మైక్రోఫోన్‌గా బి2 ఎంచుకోండి. బి2 పేరు కొన్ని వెర్షన్లలో వాయిస్‌మీటర్ ఆక్స్ అవుట్‌పుట్ అని ఉంటుంది. 'ఇన్‌పుట్' స్పీకర్ ఏమిటి, 'అవుట్‌పుట్' మైకు ఏమిటి అని కంగారుపడకండి. ఆ పేర్లు వాయిస్‌మీటర్ వైపు నుంచి పెట్టినవి.

విండోస్ డీఫాల్ట్ స్పీకర్‌గా మాత్రం ల్యాప్‌టాప్ సొంత స్పీకరే ఉండాలి. ఇన్‌స్టాల్ అయ్యాక వాయిస్‌మీటర్ డీఫాల్ట్ అయి కూర్చోవచ్చు, మార్చేయండి. లేకపోతే మంచి పల్లవి మధ్యలో మెసేజ్ టింగుమని మోగి బరంపురం దాకా వినిపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడుంది

ఇప్పుడు మనం వాడే మూడు స్ట్రిప్పుల మీద చిన్న చిన్న బటన్లు: ఏ1, ఏ2, ఏ3, బి1, బి2. చాలామంది ఇక్కడికొచ్చాక "అన్నీ వెలిగిస్తే ఏదో ఒకటి పని చేస్తుంది" అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టండి. స్పీకర్లు ఆపండి. ఫేడర్లన్నీ కిందికి దించండి. అన్ని బటన్లూ ఆర్పేయండి. కొన్ని బటన్లు ముందే వెలిగి ఉంటాయి, వాటినీ వదలకండి. తర్వాత ఒక్కొక్కటే వెలిగించండి.

మైకు స్ట్రిప్: బి1, బి2 మాత్రమే.
రీపర్ వచ్చే స్ట్రిప్: ఏ1, బి2 మాత్రమే.
జూమ్ వచ్చే ఆక్స్ స్ట్రిప్: ఏ1 మాత్రమే.

కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించండి. ఏ1 అంటే హెడ్‌ఫోన్, బి1 అంటే రీపర్, బి2 అంటే మాస్టారి చెవి. ఏ గొంతైనా ఒక చెవికి ఒకే దారిలో చేరాలి. రెండు దారులున్నచోట ఎకో వస్తుంది, తిరిగి వచ్చే దారి ఉన్నచోట కూత వస్తుంది.

ఒక్కో బటన్ ఎందుకు ఆర్పామో తెలియకపోతే, రేపు ఎవరో వచ్చి వెలిగిస్తారు. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

మైకు స్ట్రిప్‌లో ఏ1 ఎందుకు లేదు? ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ నాబ్ ఉంటుంది. పాడే అమ్మాయికి తన గొంతు అక్కడి నుంచే, ఆలస్యం లేకుండా వినిపించాలి. ఏ1 కూడా వెలిగిస్తే అదే గొంతు కొన్ని మిల్లీ సెకన్లు ఆలస్యంగా రెండోసారి వస్తుంది. ఒక్క మిల్లీ సెకను తేడా వచ్చినా 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర శబ్దం ఒకదాన్నొకటి చంపుకుంటుంది. వినడానికి బిందెలో తల పెట్టి పాడినట్టు ఉంటుంది. అమ్మాయి "నా గొంతు ఏదోలా ఉందన్నా" అంటుంది, మనం మైకును అనుమానిస్తాం, మైకు మారుస్తాం, కేబుల్ మారుస్తాం. చెడింది బటన్.

ఇదే కారణంతో రీపర్‌లో గొంతు ట్రాక్ రికార్డ్ మానిటరింగ్ (లోపలికి వస్తున్న శబ్దాన్ని రీపర్ అప్పుడే తిరిగి వినిపించడం) ఆఫ్‌లో ఉండాలి. అది ఆన్‌లో ఉంటే గొంతు మైకు నుంచి ఒకసారి, రీపర్ నుంచి ఒకసారి, మొత్తం రెండుసార్లు బి2కు పోతుంది. మాస్టారికి 'వ', 'బ' తేడా తెలియని మసక వినిపిస్తుంది. ఇంత కష్టపడిందీ ఆ తేడా కోసమే. చెవిలో రెవర్బ్ లేకపోతే పాడలేనంటే, మానిటరింగ్ ఆన్ చేసి, మైకు స్ట్రిప్‌లో బి2 ఆర్పి, డైరెక్ట్ మానిటర్ మూసేయండి. అప్పుడు గొంతు రీపర్ దారిలోనే అందరికీ చేరుతుంది, కాస్త ఆలస్యంగా. నాకైతే ఇది నచ్చదు. రెవర్బ్ లేకుండా శ్రుతిలో పాడగలిగినవాళ్ళకే రెవర్బ్ అందం.

రీపర్ స్ట్రిప్‌లో బి1 వెలిగిందా, ఇక అంతే. రీపర్ శబ్దం మళ్ళీ రీపర్‌లోకి వస్తుంది. మానిటరింగ్ ఆఫ్‌లో ఉంటే గొంతు ట్రాక్‌లో వాయిద్యాలన్నీ రికార్డై టేక్ పాడవుతుంది. మానిటరింగ్ ఆన్‌లో ఉంటే శబ్దం తిరిగి తిరిగి పెరిగి, అర సెకనులో హెడ్‌ఫోన్‌లో కేక పుడుతుంది. చెవులకు ప్రమాదం. హెడ్‌ఫోన్ పక్కన పెట్టమన్నది ఇందుకే. రీపర్ తన లోపల ట్రాకుల మధ్య ఇలాంటి చక్రాన్ని మామూలుగా ఒప్పుకోదు, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో మనమే అనుమతించాలి. కానీ చక్రం బయట వాయిస్‌మీటర్‌లో తిరిగితే రీపర్‌కు తెలియదు, ఆపలేదు.

ఇక ఆక్స్ స్ట్రిప్. ఇందులో బి2 వెలిగితే మాస్టారి మాట మాస్టారికే తిరిగి పోతుంది. తన మాట తనకే ఆలస్యంగా వినిపిస్తే చాలామంది రెండు వాక్యాలు కూడా సరిగ్గా మాట్లాడలేరు, నాలుక తడబడుతుంది. రేడియోవాళ్ళు ఫోన్ ఇన్ కార్యక్రమాల్లో ఇదే జాగ్రత్త తీసుకుంటారు. ఫోన్ చేసినవాళ్ళకు అందరి గొంతులూ పంపిస్తారు, వాళ్ళ సొంత గొంతు తప్ప. దాన్ని మిక్స్-మైనస్ అంటారు. బి1 వెలిగితే ఆయన "ఆగమ్మా, ఆగు" అన్న మాట పాటలోనే రికార్డవుతుంది.

పరీక్ష ఇలా చేయండి. హెడ్‌ఫోన్ పక్కనే ఉంచి, మీటర్లు కదిలేటంత ఫేడర్లు కాస్త ఎత్తండి. మాస్టారిని నాలుగు ముక్కలు మాట్లాడమనండి. ఆక్స్ స్ట్రిప్ మీటర్, ఏ1 మీటర్ లేవాలి. బి1, బి2 మీటర్లు కదలకూడదు. కాస్త కదిలినా ఎక్కడో తప్పు దారి ఉంది. తర్వాత అమ్మాయిని మాట్లాడమనండి: బి1, బి2 లేవాలి, ఏ1 కదలకూడదు. ఆ తర్వాత రీపర్‌లో వాయిద్యాలు ప్లే చేయండి: ఏ1, బి2 లేవాలి, బి1 నిద్రపోవాలి. మూడూ సరిగ్గా వచ్చాకే ఫేడర్లు కావాల్సినంత ఎత్తి, హెడ్‌ఫోన్ పెట్టుకోండి. మీటర్లు బాగున్నా మాస్టారికి ఎకో వస్తోందంటే హెడ్‌ఫోన్ శబ్దం మైకులోకి కారుతోంది. వాల్యూమ్ తగ్గించండి.

జూమ్ సెట్టింగ్

ఆడియోలో మైకు వాల్యూమ్‌ను దానంతట అదే మార్చే టిక్ తీసేయండి. ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ ఆన్ చేసి, హై ఫిడిలిటీ టిక్ పెట్టండి. హెడ్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి ఎకో క్యాన్సిలేషన్ అక్కర్లేదు. ఇవి చేయకపోతే జూమ్ తంబురా శ్రుతిని ఫ్యాన్ చప్పుడు అనుకుని తుడిచేస్తుంది. మీటింగ్ మొదలయ్యాక కూడా స్క్రీన్ పై మూలన ఒరిజినల్ సౌండ్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూడండి. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు మీటింగ్ తెగిపోతుంది, కాబట్టి పల్లవి, చరణాల రిహార్సల్ ముందే ఫోన్‌లో ముగించుకోండి.

టేక్ కాస్త వెనకబడితే

వాయిస్‌మీటర్ మధ్యలో ఉండడం వల్ల రికార్డయిన గొంతు తాళానికి కొన్ని మిల్లీ సెకన్లు వెనక పడొచ్చు. పాడేవాళ్ళను తిట్టకముందు కొలవండి. క్లిక్ ఉన్న ట్రాక్ ప్లే చేస్తూ హెడ్‌ఫోన్‌ను మైకుకు ఆనించి రికార్డ్ చేయండి. రెండు క్లిక్కుల మధ్య దూరం చూసి, రీపర్ ప్రిఫరెన్సెస్‌లో ఆడియో, రికార్డింగ్ కింద మాన్యువల్ ఆఫ్‌సెట్‌లో ఆ అంకె వేయండి. బఫర్ మార్చినప్పుడల్లా మళ్ళీ కొలవాలి.

కరెంటు పోయి వచ్చాక శబ్దం గరగరమంటే వాయిస్‌మీటర్ మెనూలో రీస్టార్ట్ ఆడియో ఇంజిన్ నొక్కండి. అన్నీ కుదిరాక అదే మెనూలో సేవ్ సెట్టింగ్స్ నొక్కి, ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి. విండోస్ అప్‌డేట్ వచ్చి అంతా తారుమారైతే లోడ్ సెట్టింగ్స్‌తో బటన్లు యథాస్థానానికి వస్తాయి. డీఫాల్ట్ స్పీకర్‌ను, జూమ్‌లో మైకు, స్పీకర్ ఎంపికలను మాత్రం మీరే మళ్ళీ చూసుకోవాలి.